సగటు ఎంతవరకు సాక్ష్యం? – ప్రధాన సంఖ్యలు, వర్గాలు చెప్పే కథ

శ్రీనివాస రామానుజన్‌కు గణిత సూత్రాలన్నీ నామగిరి అమ్మవారు కలలో చెప్పిందని పాఠశాల వార్షికోత్సవాల్లో ఇప్పటికీ చెబుతూనే ఉంటారు. ఆయన అలా నమ్మేవారన్నది నిజమే కావచ్చు. ఎవరి నమ్మకం వారిది. కానీ ఆ నమ్మకాన్ని పిల్లలకు చరిత్రగా చెప్పేటప్పుడు ఒక కాగితాన్ని మాత్రం ఎవరూ బయటకు తీయరు. అది 1913 జనవరి 16న మద్రాసు నుంచి కేంబ్రిడ్జిలోని హార్డీకి రామానుజన్ రాసిన ఉత్తరం.

ఆ ఉత్తరంలో ఒక ఫలితం ఇలా ఉంటుంది: వర్గాలు గానీ, రెండు వర్గాల మొత్తాలు గానీ అయిన సంఖ్యలు ఒక హద్దు లోపల ఎన్ని ఉంటాయో చెప్పే సూత్రం. అందులో 0.764 అనే స్థిరాంకం ఉంది. సూత్రంలోని ప్రధాన భాగం సరైనదే. అయితే జర్మనీలో లాండావు దాన్ని 1908లోనే నిరూపించాడు. ఆ సంగతి మద్రాసులో ఉన్న రామానుజన్‌కు తెలిసే అవకాశం లేదు. పుస్తకాలు లేకుండా, గురువు లేకుండా ఆ స్థిరాంకం దాకా వెళ్ళిన బుర్రకు దండం పెట్టాల్సిందే. కానీ అదే సూత్రంలో మిగిలిపోయే తేడా చాలా చిన్నదని ఆయన చెప్పిన భాగం తప్పని తరువాత తేలింది. ప్రధాన సంఖ్యల లెక్క గురించి ఆయన చేసిన ప్రతిపాదనల్లోనూ ఇలాంటి పొరపాటే ఉంది. జీటా ప్రమేయపు సంకీర్ణ శూన్యాలను ఆయన లెక్కలోకి తీసుకోలేదు. ఈ విషయాన్ని హార్డీ దాచకుండా రాశాడు.

సూత్రాలు అమ్మవారు చెప్పినవే అయితే ఈ తప్పులను ఎవరి ఖాతాలో రాయాలి? ఒప్పులు దేవతవి, తప్పులు మనిషివి అంటే అది లెక్క కాదు, జమాఖర్చుల గారడీ. ఒప్పూ తప్పూ రెండూ రామానుజన్‌వే. ఆయన మనిషి కాబట్టే ఆయన ప్రతిభ మనకు గర్వకారణం.

నేను గణితవేత్తను కాను. బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయినవాణ్ణి. జంషెడ్‌పూర్‌కు ఖర్కాయి నది ఇవతల, ఆదిత్యపూర్‌లో ఉంటున్నాను. అంకెలతో నాకున్న పరిచయం బిల్లులు, వోచర్లు, తనిఖీలు. అయినా ఈ వ్యాసం రాయడానికి కారణం ఒకే ఒక మాట: సగటు. జ్యోతిష్కుడి నుంచి ప్రభుత్వ ప్రకటన దాకా అందరూ వాడేది, అందరూ దుర్వినియోగం చేసేది ఆ మాటే. సగటు దేనికి సాక్ష్యమో, దేనికి కాదో గణిత చరిత్రలో ఒక మూల చాలా శుభ్రంగా కనిపిస్తుంది. ఆ మూలలో ప్రధాన సంఖ్యలూ వర్గాలూ ఉన్నాయి. మన మచిలీపట్నం, మన వాల్తేరు కూడా ఉన్నాయి.

ఎవరికీ లేని సగటు

1, 4, 9, 16... ఇవి వర్గాలు. ఒక సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఎన్ని విధాలుగా రాయవచ్చు? వరుస మారినా, కూడిక–తీసివేత గుర్తు మారినా వేరే విధంగానే లెక్కపెడదాం. సున్నాను కూడా ఒప్పుకుందాం. అప్పుడు 5కు 8 విధాలు, 25కు 12 విధాలు. 3కు, 6కు, 7కు ఒక్కటీ లేదు.

ఇప్పుడు 1 నుంచి 100 దాకా అన్ని సంఖ్యల విధాలనూ కూడితే 316 వస్తుంది. సగటు 3.16. హద్దును 10,000కు పెంచితే మొత్తం 31,416, సగటు 3.1416. ఈ అంకెను ఎక్కడో చూసినట్టుంది కదా? అదే పై. ఇందులో మాయ ఏమీ లేదు. గళ్ళ కాగితం మీద 10 గళ్ళ వ్యాసార్థంతో వృత్తం గీసి గీతలు కలిసే బిందువులను లెక్కపెడితే, కేంద్రంతో సహా 317 ఉంటాయి. ప్రతి బిందువూ రెండు వర్గాల ఒక మొత్తానికి గుర్తు. బిందువుల సంఖ్య వృత్త వైశాల్యానికి దగ్గరగా ఉంటుంది, వైశాల్యంలో పై ఉంటుంది. ఈ మాట గాస్ కాలం నుంచీ తెలుసు. బిందువుల లెక్కకూ వైశాల్యానికీ మధ్య తేడా ఎంత చిన్నదన్న ప్రశ్నకు మాత్రం పూర్తి జవాబు ఇప్పటికీ లేదు. 1906లో సియర్పిన్‌స్కీ ఒక మెట్టు ఎక్కాడు. 1915లో హార్డీ, ఆ తేడా ఒక స్థాయి కంటే తగ్గదని చూపించాడు. ఆ రెంటి మధ్య ఖాళీ తగ్గుతూ వచ్చింది గానీ మూసుకోలేదు.

ఇక్కడ గమనించవలసింది వేరే ఉంది. ఈ విధాల సంఖ్య ఎప్పుడూ 4 యొక్క గుణిజమే: 0, 4, 8, 12... ఏ సంఖ్యకూ 3.14 విధాలు ఉండవు. అంటే సగటు ఎవరి దగ్గరా లేని విలువ.

అంతకంటే విచిత్రం మరొకటి. ఏ వర్గాన్నయినా 4తో భాగిస్తే శేషం 0 గానీ 1 గానీ వస్తుంది. కాబట్టి రెండు వర్గాల మొత్తానికి శేషం 3 ఎన్నటికీ రాదు. పావు వంతు సంఖ్యలు మొదటి చూపులోనే పోయాయి. మిగిలినవాటిలోనూ చాలా పోతాయి. 100 లోపల రెండు వర్గాల మొత్తాలయ్యే సంఖ్యలు 43. వెయ్యి లోపల 330. పదివేల లోపల 2,749. పది లక్షల లోపల 2,16,341. శాతాల్లో చూస్తే 43, 33, 27, 22. ఇలా తగ్గుతూ చివరికి సున్నా వైపు పోతుంది. లాండావు, రామానుజన్ చెప్పింది ఈ తగ్గుదలనే.

అయితే సగటు తగ్గిందా? లేదు, పై దగ్గరే నిలబడి ఉంది! పది లక్షల దగ్గర నూటికి 78 సంఖ్యల చేతిలో ఏమీ లేదు, అయినా సగటు 3.14. ఉన్న కొద్దిమంది దగ్గర ఇంకా ఇంకా పోగవుతోంది కాబట్టి ఖాళీ చేతులవాళ్ళు ఎంతమంది పెరిగినా సగటు కదలదు. తలసరి ఆదాయం గురించి పత్రికల్లో చదివేటప్పుడు ఈ ఉదాహరణ గుర్తు పెట్టుకుంటే చాలు.

ఒక ప్రధాన సంఖ్య, ఒక వర్గం

ఇప్పుడు అసలు ఖాతాకు వద్దాం. ఒక సంఖ్యను ఒక ప్రధాన సంఖ్య, ఒక వర్గం కలిపి రాయగలమా? 22 అంటే 13కు 9 కలిపితే సరి. 40 అంటే 31, 9. వర్గం సున్నా కూడా కావచ్చు అనుకుందాం. ఇక్కడ ఒక్కో విధాన్ని ఒకసారే లెక్కపెడదాం.

1 నుంచి 100 దాకా మొత్తం ఎన్ని విధాలో ఎవరైనా కాగితం మీద తేల్చవచ్చు. వర్గం 0 అయితే 100 లోపలి ప్రధాన సంఖ్యలన్నీ సరిపోతాయి, అవి 25. వర్గం 1 అయితే 99 లోపలివి, అవీ 25. వర్గం 4 అయితే 96 లోపలివి 24. ఇలా 9కి 24, 16కి 23, 25కి 21, 36కి 18, 49కి 15, 64కి 11, 81కి 8. మొత్తం 194. నూరు సంఖ్యలకు 194 విధాలు, సగటు 1.94.

ఈ సగటును చూసి ప్రతి సంఖ్యకూ కనీసం ఒక విధం ఉంటుందనుకుంటే తప్పు. 1, 10, 25, 34, 58, 64, 85, 91 – ఈ ఎనిమిదింటికి ఒక్కటీ లేదు. 10ని చూడండి. 0 తీస్తే 10, 1 తీస్తే 9, 4 తీస్తే 6, 9 తీస్తే 1. ఏదీ ప్రధాన సంఖ్య కాదు.

హద్దు పెరిగేకొద్దీ సగటు పెరుగుతూ పోతుంది. 1896లో అదమార్, ద లా వలే పూసె వేర్వేరుగా నిరూపించిన ప్రధాన సంఖ్యల సిద్ధాంతం ఒక్కటి చాలు, ఆ సగటు తేలిపోతుంది: హద్దు యొక్క వర్గమూలంలో మూడింట రెండు వంతులు తీసుకుని హద్దు యొక్క సహజ సంవర్గమానంతో భాగించాలి. పది లక్షల హద్దుకు ఇది 50కి అటూ ఇటూ వస్తుంది. ఒక్కో సంఖ్యకు సగటున 50 విధాలు!

మరి పది లక్షలనే తీసుకుందాం. దానికి ఎన్ని విధాలు? సరిగ్గా ఒకటి. 999 యొక్క వర్గం 9,98,001కి 1,999 కలిపితే పది లక్షలు. అంతే, ఇంకోటి లేదు. ఎందుకు? పది లక్షలు 1000 యొక్క వర్గం. ఒక వర్గంలోంచి మరో వర్గం తీసేస్తే వచ్చేది ఆ రెండు మూలాల భేదం, మొత్తం – ఈ రెండింటి లబ్ధం. లబ్ధం ప్రధాన సంఖ్య కావాలంటే భేదం 1 కావాలి. కాబట్టి 1000కి 999 ఒక్కటే గతి. అదృష్టవశాత్తు 1,999 ప్రధాన సంఖ్య అయింది. కాకపోయి ఉంటే ఆ ఒక్కటీ ఉండేది కాదు. 25కు, 64కు అదే జరిగింది: 9, 15 ప్రధాన సంఖ్యలు కావు. ఇలా ఏమీ దక్కని వర్గాలు అనంతంగా ఉన్నాయి. సగటు కోట్లకు చేరినా వాటి చేతికి మాత్రం పైసా రాదు.

వర్గాలను పక్కన పెడదాం. వర్గం కానివాటిలో దొరకనివి 10, 34, 58, 85, 91, 130, 214... అని సాగుతాయి. చివరికి 21,679 దగ్గర ఆగినట్టు కనిపిస్తుంది. అంతకంటే పెద్దది ఇంతవరకు దొరకలేదు. 21,679ని ఎవరైనా ఇంట్లోనే తనిఖీ చేసుకోవచ్చు. అది బేసి సంఖ్య కాబట్టి బేసి వర్గాన్ని తీస్తే సరి సంఖ్య మిగులుతుంది. 3తో భాగిస్తే శేషం 1 కాబట్టి 3 గుణిజం కాని మూలాన్ని తీసుకుంటే మిగిలేది 3తో పోతుంది. కనుక 6 గుణిజాలనే చూడాలి: 0, 6, 12 నుంచి 144 దాకా, 25 తీసివేతలు. ఆ 25లో ఒక్కటీ ప్రధాన సంఖ్య రాదు. ఉదాహరణకు 24 వర్గం తీస్తే వచ్చే 21,103 పైకి ప్రధాన సంఖ్యలా కనిపిస్తుంది, కానీ అది 47, 449ల లబ్ధం. నేను చెప్పానని నమ్మవద్దు, చేసి చూడండి. సంఖ్యాశాస్త్రం పేరుతో పేర్లలో అక్షరాలు మార్పించేవాళ్ళు ఇలాంటి తనిఖీకి ఎన్నడైనా పిలిచారా?

దాదాపు అన్నీ అంటే అన్నీ కాదు

1923లో హార్డీ, లిటిల్‌వుడ్ కలిసి రాసిన ఒక సుదీర్ఘ పత్రంలో ఈ ప్రశ్న మీద ఒక ప్రతిపాదన ఉంది. తగినంత పెద్ద సంఖ్య ఏదైనా సరే, తానే ఒక వర్గం కావాలి, లేకపోతే ఒక ప్రధాన సంఖ్య, ఒక వర్గాల మొత్తం కావాలి. ఎన్ని విధాలుగా అవుతుందో కూడా వాళ్ళు ఒక సూత్రం ఇచ్చారు. వాళ్ళు దాన్ని సిద్ధాంతం అనలేదు. నిరూపణ లేదని స్పష్టంగా చెప్పారు. నూరేళ్ళు దాటినా అది ఇప్పటికీ ప్రతిపాదనగానే ఉంది.

ఆ తరువాత జరిగింది నెమ్మదైన పని. 1934లో రొమానోఫ్, ఇలా రాయగల సంఖ్యలు మొత్తంలో ఒక స్థిరమైన వాటాకు తగ్గవని చూపించాడు. 1937లో డావెన్‌పోర్ట్, హైల్‌బ్రాన్ ఆ వాటాను నూటికి నూరు చేశారు. అంటే మినహాయింపుల శాతం సున్నా వైపు పోతుందని నిరూపించారు. 1989లో బ్రూనర్, పెరెల్లి, పింట్స్ ఆ మినహాయింపులు ఇంకా చాలా తక్కువని చూపించారు.

నూటికి నూరు అన్నాక ఇంకేం మిగిలింది అని అడగవచ్చు. పది లక్షల లోపల వర్గాలు వెయ్యి మాత్రమే, అంటే వెయ్యింట ఒకటి. హద్దు పెరిగితే వాటి శాతం సున్నాకు చేరుతుంది. అయినా అవి అనంతంగా ఉన్నాయి, వాటిలో అత్యధికం పనికిరానివే. కాబట్టి శాతం సున్నా అన్నంత మాత్రాన మినహాయింపులు లేవని కాదు. లెక్కల తనిఖీలో పనిచేసినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. వెయ్యి వోచర్లలో తొమ్మిది వందల తొంభై తొమ్మిది సవ్యంగా ఉన్నంత మాత్రాన వెయ్యోది సవ్యం కాదు.

మా ప్రాంతంలో ఒక సామెత ఉంది: లేఖా జోఖా థాహే, లడ్కా డూబా కాహే. ఒక లెక్కల గుమాస్తా కుటుంబంతో ఏరు దాటవలసి వచ్చింది. లోతులు కొలిచి, సగటు తీసి, పిల్లల ఎత్తుల సగటుతో పోల్చి, ఏమీ పరవాలేదని దిగమన్నాడట. నడిమధ్యలో పిల్లలు మునిగిపోయారు. లెక్క సరిపోయిందే, మరి పిల్లవాడు ఎలా మునిగాడు అని మళ్ళీ లెక్క చూసుకున్నాడట. మా వృత్తి మీద వేసిన ఈ చురకను నేను సంతోషంగా ఒప్పుకుంటాను. కానీ సామెత సగం సంగతే చెబుతుంది. సగటు తీయడం తప్పు కాదు. సగటు చెప్పని మాటను దాని నోట పెట్టడం తప్పు.

మచిలీపట్నం, వాల్తేరు

సగటులో మంచి సగటు, చెడ్డ సగటు అని ఉంటుందా? ఉంటుంది. బ్యాంకు ఉదాహరణ చెబుతాను. 2010 ఏప్రిల్ 1కి ముందు పొదుపు ఖాతా మీద వడ్డీని, నెలలో పదో తేదీ నుంచి ఆఖరి రోజు దాకా ఉన్న కనీస నిల్వ మీద లెక్కవేసేవారు. ఇరవయ్యో తేదీన ఒక్కరోజు డబ్బు తీసి మర్నాడు వేసినా నెలంతటి వడ్డీ పడిపోయేది. ఆ తేదీ నుంచి రోజువారీ నిల్వ మీద లెక్కిస్తున్నారు. ఒక్కరోజు కుదుపుకు ఇప్పుడు ఒక్కరోజు బరువే. అలాగే మార్చి 31 నాటి అంకెను చూసి ఏ సంస్థనైనా అంచనా వేస్తే మోసపోతాం. ఆ ఒక్కరోజు కోసం అంకెలను ముస్తాబు చేస్తారు. ప్రభుత్వ కార్యాలయాల్లో మార్చి నెల ఖర్చుల హడావిడి అందరికీ తెలిసిందే.

సంఖ్యల లెక్కలోనూ ఇదే చిక్కు. ఒక హద్దు దాకా లెక్కపెట్టి టక్కున ఆపేస్తే ఆ అంచు దగ్గర ఉన్న సంఖ్యలు మొత్తాన్ని కుదిపేస్తాయి. దానికి మందు బరువుల సగటు. చిన్న సంఖ్యలకు దాదాపు పూర్తి బరువు, సగం హద్దులో ఉన్నదానికి సగం బరువు, అంచులో ఉన్నదానికి సున్నా. కావాలంటే బరువు ఇంకా త్వరగా తగ్గేలా చేయవచ్చు. సెసారో, మార్సెల్ రీస్ పేర్లతో ఇలాంటి సగటులు ప్రసిద్ధం.

ఈ సగటుల మీద 1952లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం నుంచి 'టిపికల్ మీన్స్' అనే పుస్తకం వచ్చింది. రాసినవారు ఇద్దరు. ఒకరు కొమరవోలు చంద్రశేఖరన్, 1920 నవంబరు 21న మచిలీపట్నంలో పుట్టిన తెలుగువాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, కె. ఆనందరావు దగ్గర పరిశోధన చేశారు. ఆ ఆనందరావు కేంబ్రిడ్జిలో హార్డీ దగ్గర పనిచేసినవారు, రామానుజన్‌ను అక్కడ ఎరిగినవారు. రెండో రచయిత ఎస్. మీనాక్షిసుందరం, త్రిచూరులో పుట్టి వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులుగా పనిచేసినవారు. 1949లో ప్లేయెల్‌తో కలిసి ఆయన రాసిన పత్రం ప్రపంచమంతా చదివింది. 1968లో, యాభై అయిదేళ్ళు నిండకుండానే పోయారు.

చంద్రశేఖరన్ 1949లో భాభా పిలుపుతో బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో చేరి అక్కడి గణిత విభాగాన్ని నిలబెట్టారు. 1961, 1962లలో రాఘవన్ నరసింహన్‌తో కలిసి ఆయన రాసిన పత్రాల విషయం అంకగణిత ప్రమేయాల సగటు క్రమం. రెండు వర్గాల విధాల సంఖ్య వంటి ప్రమేయాలను ఒక్కొక్కటిగా కాకుండా, హెక్ చూపిన ఒక సౌష్ఠవ సమీకరణం ద్వారా అన్నింటినీ ఒకే చట్రంలో పెట్టారు. బరువుల సగటు తీసుకుంటే అక్కడ వచ్చేది అంచనా కాదు, కచ్చితమైన సూత్రం. ఆ సూత్రంలో బెసెల్ ప్రమేయాలు వస్తాయి. డప్పు చర్మం కంపించే తీరును వర్ణించేవి కూడా అవే. 1965లో చంద్రశేఖరన్ జ్యూరిక్ వెళ్ళారు. 1971 నుంచి 1974 దాకా అంతర్జాతీయ గణిత సమాఖ్యకు అధ్యక్షులుగా ఉన్నారు. 2017 ఏప్రిల్ 13న కన్నుమూశారు. మచిలీపట్నం పేరు చెప్పగానే కలంకారీ, బందరు లడ్డూ గుర్తొస్తాయి. ఈయన పేరు కూడా గుర్తు రావాలని నా కోరిక.

వాల్తేరులో ఆ పరంపర ఆగలేదు. పెద్ద ప్రధాన భాజకాలు లేని సంఖ్యలు ఎన్ని ఉంటాయన్న ప్రశ్న మీద వి. రామస్వామి 1949లో పత్రం ప్రచురించారు. 1970లలో డి. సూర్యనారాయణ, ఆర్. సీతారామచంద్రరావు సగటుల మీద, వాటిలో మిగిలే తేడాల మీద వరుసగా రాశారు.

అదే పనిముట్టు తిరిగి ప్రధాన సంఖ్య–వర్గం ఖాతాకు వచ్చింది. 2013లో ఇటలీకి చెందిన లాంగ్వాస్కో, జక్కాగ్నీనీ ఒక ప్రధాన సంఖ్య, ఒక వర్గాల మొత్తంగా రాసే విధాలకు సెసారో సగటు తీసి, దానికి పూర్తి సూత్రం రాశారు. అందులో బెసెల్ ప్రమేయాలున్నాయి, జీటా ప్రమేయపు శూన్యాలున్నాయి. రామానుజన్ వదిలేసినవి ఆ శూన్యాలనే. ఏ దేవతా చెప్పకుండానే వంద ఏళ్ళలో మనుషులు ఆ కాలమ్ నింపారు.

సగటు చాలిన చోటు

ఇంతదాకా సగటు నమ్మదగినది కాదన్నట్టు రాశాను. ఇప్పుడు రెండో పక్క.

ఒక ప్రధాన సంఖ్య, రెండు వర్గాలు కలిపితే ప్రతి పెద్ద సంఖ్యా వస్తుందా? ఇదీ 1923లో హార్డీ, లిటిల్‌వుడ్ అడిగిన ప్రశ్నే. 1957లో హూలీ దీనికి అవునన్నాడు, కానీ ఒక షరతుతో: విస్తృత రీమాన్ పరికల్పన నిజమైతే. అది ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు. 1960లో లిన్నిక్ ఏ షరతూ లేకుండా అవునని నిరూపించాడు. 'దాదాపు అన్నీ' కాదు, తగినంత పెద్దవి అన్నీ.

షరతు ఎలా పోయింది? ప్రధాన సంఖ్యల చివరి అంకె చూడండి. వెయ్యి లోపల 1తో ముగిసేవి 40, 3తో 42, 7తో 46, 9తో 38. ఇంచుమించు సమాన పంపకం. 10 బదులు ఏ భాజకాన్ని తీసుకున్నా, సాధ్యమైన శేషాల మధ్య పంపకం ఇలాగే ఉండాలి. ప్రతి భాజకానికీ తేడా చాలా తక్కువని చెప్పాలంటే ఆ నిరూపించని పరికల్పన కావాలి. కానీ హూలీ లెక్కను విప్పి చూస్తే అక్కడ ఏ ఒక్క భాజకం తేడా కూడా విడిగా అక్కర లేదు. రెండు వర్గాల విధాల సంఖ్య భాజకాల మీద ఒక మొత్తంగా వస్తుంది కాబట్టి, కావలసింది అన్ని భాజకాల తేడాల మొత్తం మాత్రమే. 1965లో బొంబియేరి, ఎ.ఐ. వినోగ్రాదోవ్ విడివిడిగా నిరూపించింది సరిగ్గా అదే: తేడాలన్నీ కలిపితే, అంటే సగటున, అవి తక్కువే. మధ్యలో మిగిలే ఇరుకు భాగానికి హూలీ ఉపాయం ఉంది. దాంతో 1966లో ఎలియట్, హాల్బర్‌స్టామ్ లిన్నిక్ ఫలితానికి చాలా చిన్న నిరూపణ ఇచ్చారు.

ఇక్కడ భాజకాల మీద సగటు, ప్రతి సంఖ్య గురించీ సత్యాన్ని ఇచ్చింది. అడిగిన ప్రశ్న మొత్తం గురించి అయితే సగటే పూర్తి సాక్ష్యం. ప్రశ్న ఒక్కరి గురించి అయితే సగటు సాక్ష్యం కాదు. ఏ ప్రశ్నకు ఏ సాక్ష్యం సరిపోతుందో చూడటమే పని.

మన పని

హేతువాదులుగా మనకు ఇది రోజూ పనికొచ్చే పాఠం. పదిమందిలో తొమ్మిదిమందికి జలుబు తగ్గిందని ఒక వైద్యుడు ప్రకటిస్తే, మందు వేసుకోని పదిమందిలో ఎందరికి తగ్గిందని అడగాలి. జలుబు ఎలాగూ తగ్గేదే. మా తాత రోజుకో కట్ట బీడీలు కాల్చి తొంభై ఏళ్ళు బతికాడని ఒకరు వాదిస్తే, ఒక్క వోచరు చూపించి మొత్తం ఖాతాను కొట్టివేయలేరని చెప్పాలి. మొదటివాడు సగటును తప్పుగా తీశాడు, రెండోవాడు సగటును ఒక్క మినహాయింపుతో కొట్టేశాడు. రెండూ ఒకే జబ్బు.

మనమూ జాగ్రత్తగా ఉండాలి. చదువు పెరిగితే సగటున మూఢనమ్మకం తగ్గుతుందని మనం నమ్ముతాం. అది నిజమైనా సరే, ఎదురుగా ఉన్న చదువురాని మనిషి మూఢుడని గానీ, ఇంజనీరు వివేకి అని గానీ దాన్నిబట్టి తేల్చలేం. మనిషిని మనిషిగా వినాలి. మన వాదాలు కూడా తనిఖీకి నిలవాలి.

హార్డీ, లిటిల్‌వుడ్ ప్రతిపాదన కోట్ల సంఖ్యల దగ్గర నిజమైంది. 21,679 తరువాత ఒక్క మినహాయింపూ దొరకలేదు. సగటు దాని పక్షాన ఉంది, 'దాదాపు అన్నీ' దాని పక్షాన ఉన్నాయి. అయినా గణితవేత్తలు దాన్ని సిద్ధాంతం అనరు. నిరూపణ దొరికేదాకా ఆ ఖాతాను తెరిచే ఉంచుతారు. ఇంత సాక్ష్యం ఉన్నా ఇంకా చాలదని చెప్పుకునే ఆ నిజాయితీ ముందు, ఏ సాక్ష్యమూ లేకుండా అంతా తెలుసునని చెప్పే బాబాల మాట ఎంత బరువు తూగుతుందో పాఠకులే తేల్చుకోవాలి.